తాళారోహణ శాస్త్రం – ముదినేపల్లి భాష్య సహితం

పంచాంగం వెనక పేజీల్లో బల్లి మీద పడితే ఏమవుతుందో రాసి ఉంటుంది. నెత్తి మీద పడితే ఒక ఫలం, ఎడమ భుజం మీద పడితే ఇంకో ఫలం, మగవాళ్ళకు వేరు, ఆడవాళ్ళకు వేరు. తుమ్ముకు శాస్త్రం ఉంది. పిల్లి ఎదురైతే ఉంది. కాకి అరిస్తే ఉంది. ఇన్ని రాసిన పెద్దలు మనిషే చెట్టు మీంచి పడితే ఏం ఫలమో ఒక్క ముక్క రాయలేదు. ఆ ఫలం అందరికీ తెలిసిందే కనక రాయలేదని కొందరంటారు. శాస్త్రం రాసేవాడు చెట్టెక్కడు, చెట్టెక్కేవాడికి రాసే తీరిక లేదు, అందుకే రాయలేదని నా అభిప్రాయం. శాస్త్రాలన్నీ అరుగుల మీద పుట్టాయి. అరుగు మీంచి పడితే మోకాలు గీరుకుంటుంది, అంతే.

ఆ లోటు తీర్చడానికే ఈ గ్రంథం.

శాస్త్రం అన్నాక ముందు అనుబంధ చతుష్టయం చెప్పి తీరాలి. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ నాలుగూ లేకుండా మొదలెట్టిన గ్రంథాన్ని పండితులు చేత్తో ముట్టుకోరు. చెప్పినా ముట్టుకోరనుకోండి, అది వేరే సంగతి.

విషయం తేలిక. కొమ్మల్లేని చెట్టు ఎక్కడం, పైన పని చేసుకోవడం, దిగడం. మామిడి, చింత, వేప ఇందులోకి రావు. కొమ్మలున్న చెట్టు ఎక్కడానికి శాస్త్రం అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ వయసూ, పెద్దవాళ్ళు నిద్రపోయే మధ్యాహ్నమూ ఉంటే చాలు. తాడి, కొబ్బరి, ఈత, ఈ మూడే శాస్త్రీయ వృక్షాలు. ఈతచెట్టు పొట్టిది కనక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాం.

ప్రయోజనం దగ్గర పూర్వాచార్యులు తడబడ్డారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట ఒకాయన. ఈ సామెతను లోకం బొంకుకు ఉదాహరణగా వాడుకుని వదిలేసింది. భాష్యకారుడి కంటికి అందులో ఇంకో సంగతి ఆనుతుంది. ఆయన పట్టుబడ్డప్పుడు చెట్టు మీదే ఉన్నాడు. కింద నిలబడి అడుగుతున్నది బహుశా చెట్టు ఆసామే. అంత కంగారులోనూ జవాబు చెప్పాడు గాని జారి పడలేదు. దీన్నిబట్టి ఆయన నడుముకు మోకుతాడు ఉందని అనుమాన ప్రమాణం చేత సిద్ధిస్తుంది. దొంగతనానికి వచ్చినవాడు కూడా మోకు మరిచిపోలేదన్నమాట. ఈ వివేకం ఇప్పటి కరెంటు స్తంభాలెక్కే కుర్రాళ్ళలో కనబడదు.

శబ్ద ప్రమాణంగా ఇంకో సామెత: తాడెక్కేవాణ్ణి ఎందాకా ఎగదోస్తాం? దీన్ని సాయం చేసి విసిగిపోయినవాళ్ళు వాడుతుంటారు. నిజానికి ఇది కొలత చెప్పే సూత్రం. కింద నిలబడ్డవాడి చెయ్యి ఏడడుగులు మించి అందదు. చెట్టు అరవై అడుగులు. మిగిలిన యాభైమూడు అడుగులూ ఎవరి పూచీ? మోకు పూచీ. అందువల్ల మోకు వేసుకోవాల్సింది ఏడో అడుగు దాటాక కాదు, కాలు నేల వదలకముందే. ప్రపంచంలో చెట్టెక్కడం మీద ఎవరు ఏ పుస్తకం రాసినా మొదటి నియమం ఇదే. మనవాళ్ళు దాన్ని సామెతలో దాచి, దెప్పిపొడుపుగా మార్చి, మరిచిపోయారు.

అధికారి ఎవరంటే, కళ్ళు తిరగనివాడు, చెట్టును నమ్మనివాడు, తాగనివాడు. మూడోది వినగానే పకపకా నవ్వేవాళ్ళుంటారు. కల్లు దింపేవాడు దిగాక ఏం చేసుకుంటాడో శాస్త్రానికి అనవసరం. పైన ఉన్నంతసేపూ లొట్టిలో ఉన్నది సరుకు, అంతే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారని ఊరంతా బెంగపడుతుంది గానీ, తాటిచెట్టు మీద ఏది తాగినా ఎముకలు విరుగుతాయని ఎవరూ అనరు.

సంబంధం చెప్పడానికి ముందు దేశకాలాలు చెప్పాలి. ఈ శాస్త్రానికి చోటు ముదినేపల్లి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఒకరోజు తెల్లారేసరికి ఏలూరు జిల్లాలో లేచిన మండలం. చెట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఇటు గుడివాడ, అటు కైకలూరు, ఉత్తరాన కొల్లేరు. ఎటు చూసినా చేపల చెరువులు. చెరువుగట్ల మీద కొబ్బరి, కాలవగట్ల మీద తాడి. కొండ లేదు, గుట్ట లేదు. ఎత్తు నుంచి పడాలనుకున్న మనిషికి ఈ ప్రాంతంలో తాటిచెట్టు, సెల్ టవరు తప్ప వేరే సౌకర్యం లేదు. కనక ఈ శాస్త్రం ఇక్కడే పుట్టాలి.

ఇక సంబంధం. ఇన్నాళ్ళూ నోటిమాటగా నడిచిన విద్యకు గ్రంథం రాయాల్సిన అగత్యం ఒక బోల్టు వల్ల వచ్చింది.

అమెరికాలో జింకల వేటగాళ్ళది ఒక సంప్రదాయం ఉంది. వాళ్ళు చెట్టుకు మంచె కట్టరు. నడుముకీ తొడలకీ పట్టే ఒక జీను లాంటిది తొడుక్కుంటారు. తల కన్నా కాస్త ఎత్తున చెట్టు చుట్టూ ఒక తాడు బిగించి, దానికి ఆ జీను తగిలించుకుని, కాళ్ళు మానుకు తన్నిపెట్టి వేలాడుతూ కూర్చుంటారు. ఇరవై అడుగుల ఎత్తున, గంటల తరబడి. జింక వస్తే విల్లు ఎక్కుపెడతారు. రాకపోతే దిగి ఇంటికి పోతారు. అంత ఎత్తుకు ఎక్కడానికి కొందరు వాడేది బోల్టులు. డ్రిల్లుతో మానుకు బెజ్జం పెడతారు. బెజ్జం లోపలికి పోయేకొద్దీ కాస్త కిందికి వాలేలా పెట్టాలి, అప్పుడు బోల్టు బయటికి జారదు. అందులో అర అంగుళం లావు, ఆరంగుళాల పొడవు ఉన్న గట్టి ఉక్కు బోల్టు దూరుస్తారు. దాని మీద కాలేసి, పైన ఇంకోటి దూర్చి, దాని మీద కాలేసి పోతూ ఉంటారు. దిగేటప్పుడు పైన ఉన్నవి ఒక్కొక్కటే పీక్కుంటూ దిగి సంచిలో వేసుకుపోతారు. ఎందుకంటే బోల్టులు అలాగే వదిలేస్తే తెల్లారేసరికి ఇంకోడు ఎక్కి కూర్చుంటాడు.

ఈ చివరి సంగతి దగ్గర భాష్యకారుడి గుండె కరిగింది. మన వైపు కల్లు కుండలున్న తాడి మొదలుకు తుమ్మకంప చుట్టికట్టేది ఇందుకే కదా. మహాసముద్రాలకు అవతలా ఇవతలా మనిషి మనిషిని నమ్మే పాళ్ళు ఒక్కటే.

వేటగాడు చెట్టెక్కడం మనకు కొత్త కాదు. 1926లో రుద్రప్రయాగ చిరుతను జిమ్ కార్బెట్ కొట్టింది మామిడిచెట్టు మీద కూర్చునే. అది కొమ్మలున్న చెట్టు, కనక అశాస్త్రీయం. మన కొల్లేట్లో వేట ముచ్చటే ఎత్తడానికి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. కొల్లేరు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైంది 1999లో. 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అక్రమ చెరువుల గట్లు పేల్చేసేటప్పుడు పిట్టలే గెలిచాయి, కొన్నాళ్ళపాటైనా. కనక చెట్టెక్కి కూర్చుని కొట్టడానికి ఇక్కడ ఏ జంతువూ లేదు. మిగిలిన ప్రయోజనాలు కల్లు, ముంజెలు, కొబ్బరికాయలు. చేపల చెరువు మీద వాలే నీటికాకుల్ని అదిలించడం నాలుగో ప్రయోజనమని ఒక మతం ఉంది. ఆ మతానికి కర్తే బోల్టులు తెచ్చింది.

మా వైపు కుర్రాడొకడు అమెరికాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ అక్కడి స్నేహితుల వెంట ఈ విద్య పట్టాడు. సంక్రాంతికి వస్తూ ఇంట్లోవాళ్ళకు చాక్లెట్లు, వాళ్ళ నాన్నకు బీపీ మిషను, తనకు జీనూ బోల్టులూ తెచ్చుకున్నాడు. చెరువుగట్టు మీద తాటిచెట్టుకు ఇరవై అడుగుల ఎత్తున వేలాడుతూ పిట్టల్ని తోలాలని సంకల్పం. చెట్టేమో రోజుకు రెండుసార్లు గీత గీసే పెద్దాయన చేతిలో ఉంది. అప్పుడు గట్టు మీద జరిగిన వాదం ఈ శాస్త్రానికి మూలగ్రంథం. అందుకని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

పెద్దాయన బోల్టును అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. గోటితో మర గీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

“ఇది ఎక్కడ కొడతావ్, అబ్బాయ్?”

“కొట్టడం కాదు బాబాయ్, బెజ్జం పెట్టి దూర్చడమే. అడుగున్నరకొకటి.”

“ఎన్ని?”

“పన్నెండు పదమూడు పడతాయి.”

“మరి దిగేదెట్టా?”

“పైవి పీక్కుంటా దిగాలి.”

“అంటే చేతుల్తో పీకుతా, కాళ్ళతో వెతుక్కుంటా దిగుతావా? పట్టుకునేదెప్పుడు?”

“పట్టుకోనక్కర్లేదు బాబాయ్, నడుముకు తాడుంటది కదా!”

పెద్దాయన తన మోకు వంక చూసుకున్నాడు. కుర్రాడి జీను వంక చూశాడు. “తాడుంటే మరి ఈ ఇనప సామానెందుకురా?”

ఇదే పూర్వపక్షమూ ఇదే సిద్ధాంతమూ. తర్కశాస్త్రంలో ఒకే వాక్యం రెండు పనులూ చేసిన సందర్భం నాకు వేరే తట్టలేదు.

అయినా శాస్త్రం అంత తేలిగ్గా తెమలకూడదు. పేజీలు నిండాలి. ముందు చెట్టు సంగతి చూద్దాం.

టేకుకు చేవ నడిమధ్యన ఉంటుంది. తాడికి చేవ బయట ఉంటుంది. నల్లగా ఇనుములా ఉండే ఈనెలన్నీ అంచున పేరుకుని, నడుమ మెత్తటి గుజ్జు ఉంటుంది. వృక్షశాస్త్రం చెప్పే కారణం: తాడి, కొబ్బరి గడ్డిజాతి తోబుట్టువుల్లాంటివి, ఏకదళ బీజాలు. మామిడి మానులో బెరడు కింద ఏటేటా కొత్త పొర పెరుగుతుంది. అందుకే దానికి గాయమైతే అంచుల నుంచి కండ పెరిగి మూసుకుంటుంది. తాడికి ఆ పొరే లేదు. మాను ఒకసారి ఎంత లావైతే అంతే లావు. దానికి పడ్డ గాయం మానదు. అమెరికా ఓక్ చెట్టుకు పెట్టిన బెజ్జం కొన్నేళ్ళకు పూడిపోవచ్చు. అక్కడ కూడా చాలా సర్కారీ అడవుల్లో చెట్టుకు మేకులు, మరలు దించడం నిషేధమే. మన తాడికి పెట్టిన బెజ్జం పెట్టినవాడు పోయాక కూడా ఉంటుంది. కొబ్బరికైతే ఇంకా చేటు. గాయం వాసన పట్టుకుని ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు లోపల తిని తిని, పైకి పచ్చగా కనబడే చెట్టును ఒకరోజు మొవ్వు వాల్చేలా చేస్తాయి. కాలు పెట్టుకోవడానికి కొబ్బరిమానుకు మెట్లు చెక్కొద్దని తోటలవాళ్ళకు ఉద్యానశాఖవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఇంతవరకూ ఏ ఊళ్ళోనైనా చెల్లే వాదం. కొల్లేటి వాదం ఒకటి విడిగా ఉంది. దాన్ని పక్క జిల్లావాడు కూడా ఊహించలేడు.

కొల్లేట్లో తాటిదోనె అనేది ఉంది. ముసలి తాడిని కొట్టి, లావుగా ఉన్న మొదలు వైపు మాను తీసుకుని, లోపలి గుజ్జంతా తొలిచేస్తే చేవ ఉన్న డొప్ప మిగులుతుంది. అదే పడవ. రెండు కలిపి కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మనుషులు, గడ్డిమోపులు, చేపలు, పెళ్ళివారు కూడా దాని మీదే తిరిగారు. ఇప్పుడు మన కుర్రాడి లెక్క తీసుకోండి. అడుగున్నరకొకటి చొప్పున పన్నెండు పదమూడు బెజ్జాలు. అవన్నీ మొదలు నుంచి ఇరవై అడుగుల్లోపే. అంటే సరిగ్గా దోనె అయ్యే భాగంలోనే. గాయం మానని చెట్టు కనక బెజ్జాలు అలాగే ఉంటాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ తాడిని ఎవడో తొలిచి దోనె చేసి, భార్యాపిల్లల్ని ఎక్కించుకుని కొల్లేటి నడిమధ్యకు పోయేసరికి పదమూడు చోట్ల నుంచి సరస్సు లోపలికి వస్తుంది. చెట్టెక్కేవాడి భద్రత కోసం పుట్టిన పరికరం చెట్టెక్కనివాణ్ణి ముంచుతుంది. దీన్ని నేను వ్యధికరణ దోషం అందామనుకుంటున్నాను. పండితులు ఒప్పుకోకపోతే ఈతకొట్టి రావచ్చు.

తాటిదోనెలు ఇప్పుడెక్కడున్నాయండీ, అన్నీ ఫైబరు పడవలే కదా అని ఆక్షేపణ. శాస్త్రానికి ఆచరణ అడ్డు రాకూడదు.

ఇక మోకు సంగతి. ఇక్కడ గ్రంథం కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఎందుకంటే అసలు విద్యంతా ఇక్కడుంది.

మోకు అంటే మానునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే తాడు. కాళ్ళకు ఇంకో చిన్న బందం. తెలంగాణ వైపు మోకు, ముత్తాదు, గుజి అని మూడు పేర్లు చెబుతారు. ఎక్కేవాడు పాదాలు మానుకు తన్నిపెట్టి, నడుం వెనక్కి వాల్చి, ఒక్క క్షణం ముందుకొచ్చి మోకును పైకి విసురుతాడు. మళ్ళీ వెనక్కి వాలతాడు. పాదాలు పైకి జరుపుతాడు. ఇంతే. చూసేవాడికి ఎక్కుతున్నట్టు ఉంటుంది గానీ, నిజానికి వాడు అడుగడుగునా వెనక్కి వాలుతున్నాడు.

కొత్తవాడు చేసే పని దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. భయం వేసినప్పుడు మానును వాటేసుకుంటాడు. వాటేసుకోగానే మోకు వదులవుతుంది. పాదాల ఒత్తిడి పోతుంది. ఒరుపు ఎంత ఉంటుందనేది ఎంత గట్టిగా నొక్కుతున్నావన్నదాని మీద ఆధారపడుతుందని హైస్కూల్లో చెప్పారు, అప్పుడు మనం కిటికీలోంచి బయటికి చూస్తున్నాం. వెనక్కి వాలినకొద్దీ మోకు మానును అవతలి వైపు నుంచి ఒరుసుకుని బిగుస్తుంది, పాదాలు ఇవతలి వైపు నుంచి నొక్కుతాయి. మానుకు రెండు వైపులా పట్టు. వాటేసుకున్నవాడికి మిగిలేది చొక్కా గుండీల పట్టే. కనక తాళారోహణంలో ప్రేమ పనికిరాదు, ఎడం పాటించాలి. చెట్టును నమ్మనివాడే అధికారి అని మొదట్లో అన్నది ఇందుకే.

ఇక మోకు చేసే అసలు మేలు ఎక్కించడం కాదు. అరవై అడుగుల ఎత్తున మనిషికి రెండు చేతులూ ఖాళీ చేసి ఇవ్వడం. గీత గీసేవాడు ఒక చేత్తో గెల పట్టుకోవాలి, ఇంకో చేత్తో కత్తి ఆడించాలి. ఎంత పలచగా చెక్కితే అంత ఊట. లోతుగా తెగితే గెల చెడుతుంది. లొట్టి విప్పాలి, వంపాలి, మళ్ళీ కట్టాలి. ఇందులో ఏ పనికీ ఒంటిచెయ్యి చాలదు. అమెరికా వేటగాడికీ అంతే, విల్లు లాగడానికి రెండు చేతులూ కావాలి. అందుకే వాడి జీనూ తాడూ, మన మోకూ ఒక తల్లి బిడ్డలు. బోల్టు ఆ కుటుంబంలోది కాదు. అది కాలికి చోటిస్తుంది గాని చేతిని విడిపించదు. తాడు లేకుండా బోల్టును మాత్రమే నమ్ముకుని ఎక్కేవాడు చేత్తో పై బోల్టు పట్టుకునే ఉండాలి. అప్పుడు జింక వచ్చినా చూసి నమస్కారం పెట్టలేడు కూడా.

ఈ మాట ఒప్పుకున్నవాడికి బోల్టు మీద గౌరవం ఒక్కటే మిగులుతుంది, పరీక్ష విషయంలో. శాస్త్రకారులు స్థూణానిఖనన న్యాయమని ఒకటి చెప్పారు. గుంజ పాతేవాడు ఊరికే పాతి వదలడు, కదిపి చూసి మళ్ళీ దిగ్గొడతాడు, మళ్ళీ కదుపుతాడు. బోల్టువాళ్ళు ఈ న్యాయాన్ని నిష్ఠగా పాటిస్తారు. ప్రతి మెట్టు మీదా పూర్తి బరువు వేసేముందు ఒత్తి చూస్తారు. మన వైపు మోకుకు ఆ మర్యాద దక్కడం లేదు. పోయినేడు కొన్న తాడు, చూరులో ఎలుక కొరికిన తాడు, అన్నీ మోకులే. పొద్దున చెట్టెక్కేముందు, నిలబడ్డ ఎత్తులోనే వెనక్కి వాలి రెండు సార్లు ఊగి చూసుకుంటే సరిపోతుంది. తెగేదుంటే అక్కడే తెగుతుంది, పడేది గడ్డి మీదే.

తాడిచెట్టు మన తర్కానికి ఇదివరకే ఒక న్యాయం ఇచ్చింది. కాకి వచ్చి వాలింది, అదే క్షణాన తాటిపండు రాలింది. కాకతాళీయం. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం లేదని పండితుల తీర్పు. గీత గీసేవాడు ఈ తీర్పును ఒప్పుకోడు. పైన ఏ మట్ట ఎండి ఊగుతోందో, ఏ మట్ట మీద కాకి వాలితే కూడా ఊడుతుందో తెలుసుకోకపోతే అతని పని అయిపోయినట్టే. మాను మీద పోయేవాళ్ళు ఉన్నారు గానీ, ఎక్కువ ప్రమాదం మొవ్వు దగ్గరే. కిందంతా నున్నగా ఉన్న మాను మీద మోకు సాఫీగా జరుగుతుంది. పైకి చేరాక ఎండు మట్టల మొదళ్ళు అడ్డొస్తాయి. వాటిని దాటించడానికి మోకు సడలించాలి, లేదా ఒక మట్ట మీద బరువు వేసి పైకి జరగాలి. ఆ అర నిమిషం అతను ఏ శాస్త్రంలోనూ లేడు. సరిగ్గా అప్పుడే కందిరీగల తుట్టె కనబడుతుంది. అమెరికా జీనువాళ్ళు ఇక్కడ ఒక మంచి పని చేస్తారు. అడ్డం వచ్చినప్పుడు మొదటి తాడు విప్పేముందు అడ్డానికి పైన రెండో తాడు వేస్తారు. రెండో తాడు! ముదినేపల్లి సంప్రదాయం అరువు తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అదొక్కటే, బరువు కూడా అర కేజీ ఉండదు.

పడితే ఏమవుతుందన్న ప్రశ్నకు బల్లి శాస్త్రం పద్ధతిలోనే జవాబు ఇవ్వగలం. ఇరవై అడుగుల నుంచి పడ్డవాడు సెకను దాటీ దాటకముందే నేల చేరతాడు, చేరేటప్పుడు వేగం గంటకు 39 కిలోమీటర్లు. అరవై అడుగుల నుంచి పడ్డవాడికి రెండు సెకన్లు కూడా పట్టదు, వేగం గంటకు 68 కిలోమీటర్లు. మా రోడ్ల మీద గుడివాడ బస్సు ఆ వేగం అందుకోగా చూసినవాళ్ళు లేరు. తలా, భుజమా, ఎడమా, కుడా అన్న విచారణ ఈ వేగం దగ్గర అనవసరం. వాన వెలిసిన వెంటనే ఎక్కకూడదు, మాను పక్కగా కరెంటు తీగ పోతుంటే ఇనప కొడవలి కర్ర పైకెత్తకూడదు, ఇవి అందరికీ తెలుసు. తెలిసీ ఎక్కేది కల్లు ఆగదు కనక. పొద్దున గీసి, సాయంత్రం గీయకపోతే గెల ఎండిపోతుంది. ఈ తొందర జింక విషయంలో లేదు. రాని జింక రేపైనా రావచ్చు.

ఇతర దర్శనాల సంగతి కొద్దిగా. కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన జోసెఫ్ అనే రైతు కొబ్బరిచెట్టు ఎక్కే మిషను చేశాడు. ఒక్కో పాదానికి ఒక్కో ఇనప పెడలు, దానికి మానును చుట్టే ఉక్కు తీగ. ఒకదాని మీద నిలబడితే అది బిగుస్తుంది, రెండోది పైకి జరుపుకోవాలి. బెజ్జం లేదు, గాయం లేదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి కొబ్బరిచెట్టు నేస్తాలన్న పేరుతో ఈ మిషను మీద కుర్రాళ్ళకు, ఆడవాళ్ళకు కూడా ఎక్కడం నేర్పింది. కర్ణాటక వక్కతోటల్లో గణపతి భట్ అనే రైతు చెట్టెక్కే మోటారు బండే చేశాడు. కూర్చుని మీట నొక్కితే పైకి పోతుంది. మన కుర్రాళ్ళ చేతికిస్తే దాని మీద ముగ్గురెక్కుతారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడల దేవుడు. పర్వతారోహకులు వాడే తాడూ క్లిప్పులూ తెచ్చి, వాటికి కులదైవం పేరు పెట్టడం తెలివైన పని. ఇనప క్లిప్పును నమ్మనివాడు కూడా కాటమయ్యను నమ్ముతాడు.

మన జిల్లాల సంగతి ఇంకో తీరు. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. దాని కింద తూర్పు కనుమల్లోని పందిరిమామిడి కేంద్రంలో తాడి మీద, నీరా మీద పరిశోధన కూడా చేస్తారు. ఏలూరు పక్కన పెదవేగిలో జాతీయ స్థాయి ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ ఉంది. ఆ చెట్టు మీదికి ఎవరూ ఎక్కరు. పొడుగు గొట్టానికి కొడవలి బిగించి కిందనుంచే గెల కోస్తారు. తాళజాతి మీద ఇంత చదువు ఒకే చోట పోగుపడ్డ ప్రాంతం ఇంకోటి లేదేమో. ఆ చదువు చివరికి నాటమన్నది, ఎక్కనక్కర్లేని పొట్టి కొబ్బరి, ఎక్కనక్కర్లేని ఆయిల్‌పామ్. పరమార్థం చూస్తే అదే సరైన సిద్ధాంతం. తాటిచెట్టు మాత్రం పూత వచ్చేదాకా, అంటే పన్నెండు పదిహేనేళ్ళు, పోతుదో పెంటిదో కూడా చెప్పదు. అలాంటి చెట్టును పొట్టిగా పెరగమని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇనుమును చెట్టుగా ఒప్పుకున్న జాతి కొల్లేట్లో ఉంది, గూడబాతులు. ఆటపాకలో గూళ్ళు కట్టుకునే చెట్లు చచ్చిపోతుంటే అటవీశాఖవాళ్ళు చెరువులో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. అవి మొహమాటం లేకుండా ఎక్కి కూర్చుని గుడ్లు పెట్టేశాయి. పడితే ఎగరగలిగినవాడికి ఏ మెట్టైనా ఒకటే. కుర్రాడు ఈ దృష్టాంతాన్ని తన పక్షానికి వాడుకోబోతే పెద్దాయన, “అయితే ముందు రెక్కలు మొలిపించుకో, తర్వాత బోల్టు సంగతి చూద్దాం” అని కొట్టిపారేశాడు.

ఆఖరికి రాజీ ఇలా కుదిరింది. జీను కుర్రాడిదే, తాడు కుర్రాడిదే, ఎక్కే పద్ధతి పెద్దాయనది. బోల్టు ఒక్కటి కూడా చెట్టుకు దిగకూడదు. రెండో తాడు ఎలా వేస్తారో కుర్రాడు పెద్దాయనకు చూపించాడు. నాలుగైదు సార్లు నేల మీదే వేయించి చూసి, “ఇది బాగుందిరా” అని ఆ తాడు అడిగి తీసుకున్నాడు. కుర్రాడు మాత్రం పదిహేను అడుగులు ఎక్కి మానును వాటేసుకున్నాడు. వెనక్కి వాలరా, వాలరా అని గట్టు మీద నిలబడ్డవాళ్ళంతా అరిచారు. నీటికాకులు కూడా లేచిపోయాయి, కనక ఆ పూటకు నాలుగో ప్రయోజనం నెరవేరిందనే లెక్క. ఇక బోల్టులంటారా, చెరువులో ఏరియేటరు స్టాండు ఊగుతోందని వాళ్ళ నాన్న వాటిలో నాలుగు బిగించాడు. మిగతా వాటికి సరిపడే నట్లు ముదినేపల్లిలో దొరకలేదట, గుడివాడ వెళ్ళి తేవాలి.